గడియ వెనక గొంతు

"ఇంకా ఎంతసేపే?"

పెద్దక్క ఈ మాట అడగడం ఇది మొదటిసారి కాదు. హాల్లో కూర్చుని ఒకసారి అడిగింది. నడవాలోకి వచ్చి ఇంకోసారి అడిగింది. ఇప్పుడు సరిగ్గా బాత్రూం తలుపు ముందు నిలబడి, చేతికర్రతో నేలని టక్కుమని కొట్టి మరీ అడిగింది.

లోపల ఉన్నది ఆవిడ చెల్లెలు మైకమ్మ. రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుని, ఎదురుగా ఉన్న నీలం బకెట్‌నే చూస్తూ కూర్చుంది. తడిబట్టని పట్టుకుని ఎవరో మెలిపెట్టి పిండుతున్నట్టుంది కడుపులో. పిండటం ఆగుతుంది, హమ్మయ్య అనుకుంటుంది, లేవబోతుంది, మళ్ళీ మొదలు.

బస్టాండ్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చెప్పి చెప్పి రిటైరైన మనిషి. అందుకే మైకమ్మ. ఆ గొంతు విని ఎంతమంది పరిగెత్తి బస్సెక్కి ఉంటారో! ఆ గొంతే ఇప్పుడు తలుపవతల ఉన్న ఒక్క మనిషికి ఒక్క ముక్క చెప్పలేక గుటకలు మింగుతోంది.

పెద్దక్క చెప్పాపెట్టకుండా వచ్చింది. తెల్లారకముందే మొదటి బస్సెక్కి, సంచీ భుజానికేసుకుని, సరాసరి గుమ్మంలో దిగింది. బెల్లు మోగి ఆవిడ గొంతు వినపడగానే, మైకమ్మ మనసుకంటే ముందు కడుపుకి తెలిసిపోయింది. రా అక్కా అనడానికి తెరిచిన నోరు అలాగే ఉంది, కాళ్ళు మాత్రం బాత్రూంలోకి వచ్చిపడ్డాయి.

"వదినా, మీరు కూర్చోండి. కాఫీ చల్లారిపోతోంది," అన్నాడు తాళాలాయన.

మైకమ్మ మొగుడు ఆయన. బజార్లో తాళాలు బాగుచేసే కొట్టు. ప్రపంచంలో ఎలాంటి తాళమైనా తీస్తాడు గానీ, వదినగారి నోటికి తాళం వెయ్యడం మాత్రం ఇన్నేళ్ళలో ఆయన వల్ల కాలేదు.

"కాఫీ తాగడానికి రాలేదు మరిదిగారూ. ఒక్క మాట అడుగుతా చెప్పండి. మొన్న నేను ఫోన్ చేసి, నాకు ఆపరేషన్, చెల్లెల్ని పంపండి అంటే మీరేమన్నారు?"

"మోకాళ్ళు అన్నానండీ."

"మంచం దిగలేకపోతోంది అన్నారు."

"దిగలేకపోతోందంటే... అంటే దిగుతుంది, కాకపోతే..."

"ఉండండి. ఏమ్మా కోడలా, అదే రోజు సాయంత్రం చేస్తే నువ్వేం చెప్పావు?"

కోడలు ఆఫీసుకి తయారై, చెప్పుల్లో ఒక కాలు పెట్టి, రెండో కాలు ఎటు పెట్టాలో తెలీక నిలబడి ఉంది. రోజంతా ఫోన్లో జనాలకి సర్దిచెప్పే ఉద్యోగం ఆ పిల్లది. ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయింది. "పన్ను పీకించుకున్నారు, మాట్లాడలేరు అన్నాను పెద్దత్తయ్యా."

"నీ మొగుడేమో, ఇంటి నిండా చుట్టాలు, అమ్మకి ఊపిరి సలపట్లేదు అన్నాడు. భలే! మంచం దిగలేని మనిషి, నోరు తెరవలేని మనిషి, ఇంటి నిండా చుట్టాలకి మర్యాదలు చేస్తోంది! మా స్కూల్లో రెండో తరగతి పిల్లలు నయం కదమ్మా. ముందు కూడబలుక్కుని, తర్వాత అబద్ధం చెప్పేవాళ్ళు."

పెద్దక్క రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. సాకులు వినీవినీ అరిగిన చెవులు అవి. వాటి దగ్గర ఈ ఇంట్లోవాళ్ళ తెలివి ఏం పనిచేస్తుంది?

లోపల మైకమ్మ కళ్ళు మూసుకుంది. పాపం, వాళ్ళ తప్పేం లేదు. అక్కకి మాత్రం చెప్పకండి అని ముగ్గురినీ విడివిడిగా బతిమాలుకున్నది తనే. ముగ్గురికీ కలిపి ఒక అబద్ధం అప్పజెప్పాలన్న ఊహ రాలేదు. ఎవరికి వాళ్ళు తమ తమ స్తోమతని బట్టి ఆడారు.

చెప్పడానికైనా ఏముందని? డాక్టరు రక్తం చూశాడు, స్కానింగ్ తీశాడు, కెమెరా కూడా వేసి లోపలంతా వెతికాడు. ఈ వయసులో వచ్చింది కాబట్టి ఏదీ వదలకుండా చూడాలి అన్నాడు. చివరికి నవ్వుతూ కూర్చోబెట్టి, "భయపడాల్సింది ఏమీ లేదమ్మా. పేగు చూడ్డానికి బాగానే ఉంది, పనిచేసే తీరే చిరాగ్గా ఉంది. ఐబీఎస్ అంటారు. ప్రాణం తియ్యదు, వదిలిపెట్టి పోదు. దాంతో సర్దుకుపోవడం నేర్చుకోవాలి," అన్నాడు.

అంత పొడుగు మాటలో ఇంటిల్లిపాదికీ రెండే ముక్కలు వినిపించాయి. ఏమీ లేదు.

"ఏమీ లేదన్నాడుగా అమ్మా," అంటాడు కొడుకు, ఆవిడ అన్నం ముందు నుంచి లేచినప్పుడల్లా. "ఊరికే మనసులో పెట్టుకోకు." వాడు ప్రేమగానే అంటాడు. అదే విసుగు. కోపంగా అంటే తిరిగి తిట్టొచ్చు.

పాలు మానేసింది. ఉల్లిపాయ మానేసింది. పెళ్ళిళ్ళు మానేసింది, సినిమాలు మానేసింది, బస్సులైతే ఎప్పుడో మానేసింది. ఇక మానేయడానికి ఏం మిగిలిందా అని చూస్తే అక్క మిగిలింది.

"వినపడుతోందా నీకు?" పెద్దక్క గొంతు తలుపుకి బాగా దగ్గరగా వచ్చింది. అరవట్లేదు. ఆవిడ అరవనప్పుడే భయం. "సాయంత్రం ఆఫీసు మూసేలోగా మా ఊరి ఆసుపత్రిలో చేరాలి. చేరకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. రేపు పొద్దున్నే ఆపరేషన్. ఒక కన్ను ఎప్పుడో పోయింది, నీకు తెలుసు. ఉన్న ఈ ఒక్కదానికీ డాక్టరు హామీ ఇవ్వలేదు."

"వదినా, తోడుగా నేనొస్తానండీ, కొట్టు మూసేసి..."

"ఆడవాళ్ళ వార్డు మరిదిగారూ. మిమ్మల్ని మెట్ల దగ్గరే ఆపేస్తారు."

"నేను సెలవు అడుగుతాను పెద్దత్తయ్యా. ఇవ్వరు, కానీ అడుగుతాను."

"నువ్వు మంచిదానివే తల్లీ. కానీ కట్టు విప్పినప్పుడు ఎదురుగా నా చెల్లెలుండాలి. చూపొస్తే ముందు దాని మొహం చూస్తాను. రాకపోతే దాని చెయ్యి పట్టుకుంటాను. ఈ మాత్రం అడక్కూడదా నేను?"

 వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు ఒక్కటే.

"అడక్కూడదేమో," అంది పెద్దక్క తనకి తనే. "ఆ రోజే అర్థం చేసుకోవాల్సింది. నా వీడ్కోలు సభ. నా చెల్లెలే నాకు పదిమంది ముందు మాట్లాడటం నేర్పింది, అది ఒక్కసారి స్టేజీ మీదకి రావాలి అని మైకులో పిలిచా. ముందు వరసలోంచి లేచావు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు స్టేజీ వైపు రాలేదు. గుమ్మం వైపు నడిచి వెళ్ళిపోయావు. చప్పట్లు కొట్టే చేతులు గాల్లో అలా ఆగిపోయాయి చూడు... ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ వినపడుతుందే. ఏం చేశానే నేను నీకు?"

 చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు. అక్కా అందామని నోరు తెరిచింది. రాలేదు. ఇంకోసారి తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు.

ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, బస్సు రద్దయిందని చెప్పాలంటే ఆవిడ భయపడేది. కింద జనం బూతులు తిట్టేవాళ్ళు మరి. అప్పుడు పాత సూపర్‌వైజరు ఒక కిటుకు చెప్పాడు. చెడ్డకబురు నీది కాదమ్మా, అది బస్టాండ్‌ది. నీది గొంతు మాత్రమే. ముందు గోటితో మైకు మీద రెండుసార్లు కొట్టు, అక్కడితో నువ్వు పక్కకి తప్పుకో, గొంతుని వదిలెయ్.

మైకమ్మ చెయ్యి చాపి, చూపుడువేలి గోటితో తలుపు చెక్క మీద కొట్టింది. టక్. టక్.

బయట పెద్దక్క కర్ర ఆగిపోయింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి."

అబ్బ, ఆ గొంతు! రిటైరై ఇన్నేళ్ళయినా ఒక్క జీర లేదు. నున్నగా, నిదానంగా, తలుపు సందుల్లోంచి ఇల్లంతా పరుచుకుంది. తాళాలాయన చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది.

"మైకమ్మ అనే ప్రయాణికురాలు గత కొన్నేళ్ళుగా కడుపు జబ్బుతో ఉన్నందున, ఏ బస్సూ ఎక్కలేకపోతున్నారని తెలియజేయడమైనది. సదరు ప్రయాణికురాలి కడుపు కొన్ని రోజులు అసలు కదలదు, కొన్ని రోజులు అసలు ఆగదు. ఎప్పుడు ఏది జరుగుతుందో ముందుగా తెలియజేయుటకు వీలు లేదు."

కోడలికి నవ్వు తన్నుకొచ్చింది. గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నాక చూస్తే, అది నవ్వు కాదు.

"హెడ్‌మిస్ట్రెస్ గారి సభ రోజున సదరు ప్రయాణికురాలు స్టేజీ వైపే బయల్దేరారు. మార్గమధ్యంలో కడుపు తిప్పిన కారణంగా దారి మళ్ళించడమైనది. గుమ్మం దాటి... గుమ్మం దాటి..." గొంతు ఒక్కసారి తడబడింది. మళ్ళీ టక్, టక్. "గుమ్మం దాటి బాత్రూం వరకు కూడా చేరుకోలేకపోయారు. బట్టలు పాడయ్యాయి. స్కూలు వెనక గోడ చాటున కూర్చుండిపోయారు. చప్పట్లు ఆగిపోవడం వారికి కూడా వినపడింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

అయిపోయింది. చెప్పేసింది. మైకమ్మ తల గోడకి ఆనించి కూర్చుంది. ఒంట్లో ఎముకలన్నీ ఎవరో తీసుకెళ్ళిపోయినట్టుంది. ఇప్పుడు అక్క ఏడుస్తుందేమో. తలుపు మీద చెయ్యి వేసి, అయ్యో చిన్నదానా అంటుందేమో.

పెద్దక్క కర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. తర్వాత అంది.

"ఇంతేనా?"

"ఏంటీ?"

"ఇంతేనా అంటున్నా. కడుపునొప్పా? కొండని తవ్వి ఎలకని పట్టినట్టు, కడుపునొప్పికా నన్ను ఇన్నేళ్ళు ఏడిపించావు? నేనేమో నా మాటలకి నొచ్చుకున్నావేమో, నన్ను చూస్తేనే అసహ్యమేమో అని రాత్రిళ్ళు నిద్ర మానుకుంటే!"

అంతే, మైకమ్మకి ఎక్కడ లేని రోషం వచ్చింది. "ఇంతే అక్కా! ఇంతే! ఏమీ లేదు! డాక్టరు ఏమీ లేదంటాడు, నా కొడుకు ఏమీ లేదంటాడు, ఇప్పుడు నువ్వొచ్చి ఇంతేనా అను! ఈ ఇంతే ఏంటో నీకు తెలుసా? పాల ప్యాకెట్‌కి వీధి చివరికి వెళ్ళాలంటే ముందు రాత్రి నుంచి పస్తుండాలి. ఎవరింటికి వెళ్ళినా దేవుడి పటాలకంటే ముందు బాత్రూం ఎక్కడుందా అని చూడాలి. ముసలిదాని కంపు అనుకుంటారేమోనని పక్కన ఎవరైనా కూర్చుంటే ప్రాణం పోతుంది. పెద్ద జబ్బయినా బాగుండేదనుకుంటా ఒక్కోసారి, జనం కనీసం పళ్ళు పట్టుకుని పలకరించడానికి వస్తారు!"

"నోరు ముయ్! పెద్ద జబ్బట!"

"ముయ్యను! ఇన్నాళ్ళూ మూసుకున్నది చాలు!"

"నాకెందుకు చెప్పలేదు మరి? నేను పరాయిదాన్నా?"

"నువ్వు ఇంతేనా అంటావని!"

తాళాలాయన మెల్లిగా కప్పు కింద పెట్టాడు. కోడలు చెప్పులోంచి కాలు తీసేసింది. ఇక ఆఫీసుకి ఆలస్యం ఎలాగూ అయింది.

 పెద్దక్క కర్ర అటు ఒకసారి, ఇటు ఒకసారి కదిలింది. వెళ్ళిపోతోందా? మైకమ్మ చెవి తలుపుకి ఆనించింది. వెళ్ళిపోతే ఇక రాదు. ఆవిడ సంగతి తెలుసు. గడప దాటిందంటే వెనక్కి తిరిగి చూసే మనిషి కాదు.

"ఏమే," అంది పెద్దక్క. గొంతు మారింది. కొంచెం బెట్టుగా, కొంచెం ఇబ్బందిగా. "తలుపు తియ్యి."

"తియ్యను."

"తియ్యవే. నాకూ వెళ్ళాలి. ఎక్కడా ఆగని బస్సు, తెల్లవారుజాము నుంచి బిగబట్టుకుని కూర్చున్నా. నీ ప్రకటనలు తర్వాత విందాం, ముందు జరుగు!"

మైకమ్మకి ఏడుపులో నవ్వొచ్చింది. చేతులు కడుక్కుని గడియ తీసింది. ఆ గడియ చప్పుడు చెయ్యదు. నెలకోసారి తాళాలాయన ఎవరూ చూడనప్పుడు దానికి నూనె పెడతాడు, రాత్రిళ్ళు ఆవిడ ఎన్నిసార్లు లేచిందో ఇంట్లో ఎవరికీ తెలియకూడదని. ఆ సంగతి ఆయనా చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. పెద్దక్క చెల్లెలి మొహం వైపు చూసింది. మొహం వైపంటే, మొహానికి కొంచెం పక్కగా. ఏమీ అనకుండా కర్ర ఆనించుకుంటూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

వేసుకున్నాక లోపల చెక్క మీద చెయ్యి రాస్తున్న చప్పుడు. కిందికి, పైకి, మళ్ళీ కిందికి.

"ఏమే, ఈ గడియ ఎక్కడ పెట్టారే?"

"నీ చేతి పక్కనే ఉంది కదక్కా."

"ఏ పక్క?"

మైకమ్మ ఒళ్ళు జల్లుమంది. బాత్రూం కిటికీలోంచి ఎండ పెళ్ళున పడుతోంది లోపల. ఆ గడియ ఇత్తడిది, అరచేతి పొడుగు ఉంటుంది, చిన్నపిల్లలకి కూడా దొరుకుతుంది. కాఫీ ఎందుకు ముట్టుకోలేదో, నడవా పొడుగునా కర్ర ఎందుకు టకటకలాడిందో, మొహానికి పక్కగా ఎందుకు చూసిందో, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

"అక్కా, నీకు మసగ్గా కనపడుతోంది అన్నావట కదూ ఫోన్లో?"

లోపల చెక్క మీద చెయ్యి ఆగిపోయింది.

"అక్కా!"

"మసక ఎప్పుడో పోయిందే. ఇప్పుడు ఎటు చూసినా ఒకటే బూడిద. వెలుగుంటే తెల్ల బూడిద, లేకపోతే నల్ల బూడిద."

"మరి ఒక్కదానివే ఎలా వచ్చావు?"

"కండక్టరు చెయ్యి పట్టుకుని దింపాడు. బండివాడు గుమ్మం దాకా వచ్చి బెల్లు కొట్టాడు. ఇంతే, పెద్ద విశేషమేం కాదు."

ఆ 'ఇంతే' ఇద్దరికీ వినపడింది.

"గడియ వెయ్యకు," అంది మైకమ్మ నీరసంగా. "ఎవరూ రారు. నేనుంటాను ఇక్కడ."

తలుపుకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని కాపలా నిలబడింది. చిన్నప్పుడు పెరట్లో తలుపులేని దొడ్డి ముందు అక్క ఇలాగే తనకి కాపలా నిలబడేది. ఇటు తిరగకు అక్కా అంటే, తిరగనులే కానివ్వు అనేది. ఎన్ని వందల సార్లు నిలబడిందో. ఒక్కసారి కూడా ఇంకా ఎంతసేపే అనలేదు.

కడుపులో మళ్ళీ చిన్నగా మెలి మొదలైంది. వచ్చేస్తున్నావా తల్లీ, అని విసుగ్గా దాన్ని పలకరించింది.

"ఏవండీ," అంది మొగుడితో, "నా సంచీ దించండి."

తాళాలాయన, కోడలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "డైరెక్ట్ బస్సుకి టైముంది అత్తయ్యా, నేను టిక్కెట్..."

"డైరెక్ట్ వద్దు. అది మధ్యలో ఎక్కడా ఆగదు. మధ్యాహ్నం ఆరో ప్లాట్‌ఫారం నుంచి ఆర్డినరీ ఉంది. ప్రతి బస్టాండ్‌లో ఆగుతుంది. రెండో స్టాపులో బాత్రూం ఉంది, శుభ్రంగానే ఉంటుంది. మూడో దాంట్లో తలుపుకి గొళ్ళెం లేదు, అక్క కాపలా ఉంటుంది. నాలుగోది పెట్రోలు బంకు పక్కన." ఆ సభ తర్వాత ఒక్కసారి కూడా ఆ దారిన వెళ్ళని మనిషి, కళ్ళు మూసుకుని దారంతా అప్పజెప్పింది. ఊళ్ళూ, స్టాపులూ ఇన్నేళ్ళు చెప్పినవే. బాత్రూంలు మాత్రం ఒక్కొక్క డ్రైవర్నీ ఆపి అడిగి తెలుసుకున్నవి, ఎప్పటికైనా అక్క దగ్గరికి వెళ్దామని.

"సాయంత్రానికి చేరుతుందా అది?" అన్నాడు తాళాలాయన.

"ఆలస్యం కాకపోతే చేరుతుంది."

"ఎప్పుడు కాలేదు?"

మైకమ్మకి తెలియనిదా? ఇన్నేళ్ళూ ఆ ఆలస్యాన్ని ప్రకటించింది తనే.

* * *

బస్టాండ్ ఏమీ మారలేదు. అదే డీజిల్ వాసన, అవే సిమెంటు బెంచీలు, స్పీకర్ల మీద అవే పావురాలు. మైకు గదిలో ఇప్పుడు వేరే పిల్ల. మైకమ్మ దగ్గరే పని నేర్చుకుంది. ఇంకా తొందరే, ఊళ్ళ పేర్లన్నీ మింగేస్తోంది.

పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. డాక్టరిచ్చిన మాత్ర వేసుకుంది. సంచీలో మూడు జతల బట్టలు, ఒక తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లు. ఆపరేషన్ అక్కకా తనకా అన్నట్టుంది ఆ సరంజామా.

తాళాలాయన ఇద్దర్నీ సీట్లో కూర్చోబెట్టాడు. కిటికీ పక్కన పెద్దక్క, ఆవిడ ఒళ్ళో ఆసుపత్రి కాగితాలున్న సంచీ. ఇటు మైకమ్మ. గుమ్మానికి దగ్గరి సీటు, పట్టుబట్టి తీసుకుంది.

"భయంగా ఉందా?" అంది పెద్దక్క.

"నీకు లేదా?"

"నాది రేపు పొద్దున. నీది ఇప్పుడు."

మైకమ్మ నవ్వబోయింది. అంతలో డ్రైవరు ఇంజను వేశాడు. సీటు వణికింది, సీటుతో పాటు కడుపూ వణికింది. అబ్బా. నుదుటి మీద చెమట. లేదు, ఏమీ లేదు, ఇది మనసు, ఊపిరి తియ్యి, అనుకుంది. కడుపు ఏనాడు మాట వింది కనక?

"అక్కా..."

"వెళ్ళు," అంది పెద్దక్క. అంతే. ఎక్కడికి అనలేదు, మళ్ళీనా అనలేదు, ఇంతేనా అసలే అనలేదు.

మైకమ్మ బస్సు దిగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, పరిగెత్తకుండా పరిగెత్తింది.

లేడీస్ బాత్రూంలో చివరి గది. గొళ్ళెం వేసి కూర్చుంది. పైన గోడకి తగిలించిన స్పీకర్లోంచి ఆ పిల్ల గొంతు. "ఆరో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు బయల్దేరుటకు సిద్ధంగా ఉన్నది."

ఆ ముక్క తర్వాత ఇంకేముంటుందో మైకమ్మకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఇంకేమీ ఉండదు. ఒక హారన్, తర్వాత ఖాళీ ప్లాట్‌ఫారం. మళ్ళీ ఆర్డినరీ చీకటిపడ్డాకే. అప్పటికి ఆసుపత్రిలో అక్క మంచం మీద ఎవరో పడుకుని ఉంటారు.

లేవబోయింది. కడుపు కూర్చోబెట్టింది.

హారన్ మోగింది. ఒకసారి. ఇంకోసారి, పొడుగ్గా, చిరాగ్గా.

నేను పనికిరాను అక్కా, అనుకుంది మైకమ్మ. ఏడవడానికి కూడా ఓపిక లేదు. నాకు ముందే తెలుసు, నేను పనికిరాను.

అప్పుడు స్పీకర్లో ధన్ మని చప్పుడైంది. గోటితో కొట్టిన చప్పుడు కాదు. ఎవరో చేతికర్రతో మైకుని పొడిచినట్టుంది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

"హలో. ఇందులోనేనా మాట్లాడేది? మరిదిగారూ, ఇదేనా? ఆఁ." హెడ్‌మిస్ట్రెస్ గొంతు బస్టాండ్ అంతా దద్దరిల్లింది. "ఆరో నంబరు బస్సు డ్రైవరు బాబూ, ఆ హారన్ ఆపు. నాకు కళ్ళు కనపడవు గానీ చెవులు శుభ్రంగా వినపడతాయి. మా చెల్లెలు లోపలుంది. కడుపు బాగాలేదు. వస్తుంది. మనుషులన్నాక కడుపులుంటాయి, ఇందులో నవ్వడానికేం లేదు. అదిగో, ఎవరో నవ్వారు, నాకు వినపడింది."

మైకమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. బస్టాండ్ మొత్తానికి తెలిసిపోయింది! ఇన్నేళ్ళు గడియల వెనక దాచుకున్నది, ఊరంతా వినేలా, తన మైకులోనే!

"చిన్నదానా." గొంతు దిగింది. స్పీకర్‌కి కూడా వినపడీ వినపడనట్టు. "ఆ రోజు మైకులో పిలిచా, నువ్వు రాలేదు. ఎందుకో నాకు తెలీదు. ఇప్పుడు తెలిసే మళ్ళీ పిలుస్తున్నా. నిదానంగా రా. నువ్వెక్కకుండా నేనెక్కను."

కట్. గరగరమంది. ఆగిపోయింది.

తలుపు బయట లైన్లో ఉన్న ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. కిసుక్కుమని ఒక నవ్వు. ఎవరో దాన్ని ఉష్ అని కసిరారు. తర్వాత ఒక ముసలి గొంతు, తలుపుకి బాగా దగ్గరగా, "ఏమ్మా, లోపలున్నది నువ్వేనా? ఆవిడ చెల్లెలివి?"

మైకమ్మ లేచి నిలబడింది.  కడుపులో మెలి పూర్తిగా వదల్లేదు, సగం దారిలో ఆగి తనవైపే చూస్తున్నట్టుంది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

చూపుడువేలి గోరు తలుపుని రెండుసార్లు తాకింది. టక్. టక్. "అవును, నేనే," అంది. మైకు గొంతుతో అందామనుకుంది. వచ్చింది మాత్రం సొంత గొంతే.

అప్పుడే, గోడ అవతల ఇంజను చప్పుడు మారింది.

ఇన్నేళ్ళు ఆ చప్పుళ్ళ మధ్య బతికిన చెవులు. ఆగి ఉన్న బస్సు చప్పుడేదో, కదిలే బస్సు చప్పుడేదో ఒకరు చెప్పక్కర్లేదు. ఇది కదులుతున్న బస్సు. ఆరో ప్లాట్‌ఫారం వైపు నుంచే.

అక్క మైకు గదిలో ఉంది. ఆసుపత్రి కాగితాల సంచీ ఎక్కడుంది? అక్క చేతిలోనా, సీటు మీదా? ఎక్కడున్నా, అక్క మాత్రం తనకోసం ఇక్కడే ఉంది అనుకుని మైకమ్మ గొళ్ళెం తీసింది.